పెన్‌డ్రైవ్ లాంటి ఆ డబ్బాలో ఏముంటది

చెల్లెమ్మా, ముందు ఒక పని చెయ్యండి, మిగతాది తర్వాత చదవండి. మీ తమ్ముడి వేప్‌ను, అంటే ఈ-సిగరెట్‌ను, ఉబ్బిన ఆ డబ్బాను చార్జర్ నుంచి తీసేసి, ఇంటి బయట నీడపట్టున, ఇనుప బకెట్‌లో ఇసుక పోసి అందులో పెట్టండి. దగ్గరలో గడ్డివాము, పత్తి, గ్యాస్ బండ లేకుండా చూడండి. నొక్కొద్దు, సూదితో పొడిచి గాలి తీయొద్దు, పని చేస్తదేమోనని ఇంకోసారి చార్జింగ్ అసలే పెట్టొద్దు. చిల్లర పైసల్లో దొరికిన ఆ పచ్చ బ్యాటరీ సెల్లును వేరుగా తీసి, రెండు చివర్లకు ఇన్సులేషన్ టేపు వేసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పాపకు అందని ఎత్తులో ఉంచండి. ఆ చిన్న సీసాను కూడా అటకెక్కించండి. అయిపోయిందా? ఇప్పుడు చదవండి.

ప్రశ్న ఏందో అందరికీ తెలవాలె కాబట్టి మీరు రాసింది నాలుగు ముక్కల్లో చెప్త. హాలియా దగ్గర ఊరు. తమ్ముడు హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతున్నడు. సెలవులకు వచ్చి, రాత్రి దిండు పక్కన ఏదో చార్జింగ్ పెట్టి పడుకున్నడు. తెల్లారి చూస్తే అది ఒక పక్కకు ఉబ్బి మూత ఊడొచ్చింది. బ్యాగు వెతికితే ఇంకో పెద్ద డబ్బా, మామిడిపండు వాసన వచ్చే సీసా, జిప్పులో చిల్లర పైసల నడుమ పైకవరు చిరిగిన పచ్చ సెల్లు దొరికినయి. అట్టపెట్టె మీద "650 ఎంఏహెచ్, 0.8 ఓమ్ మెష్, సాల్ట్ నిక్ 50 ఎంజీ" అని ఉంది. ఇవి ఏంటివి, మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో ఉంచొచ్చా, పోలీసు కేసు అయితదా అని అడిగిన్రు.

నేను నల్లగొండలో పదహారేళ్ల నుంచి బ్యాటరీల పని చేస్తున్న. మొదట ట్రాక్టర్, ఇన్వర్టర్ బ్యాటరీలు. తర్వాత పత్తి చేన్లకు, బత్తాయి తోటలకు మందు కొట్టే బ్యాటరీ పంపులు. ఇప్పుడు ఎక్కువగా ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం ప్యాకులు. వేప్ డబ్బాలు నేను అమ్మను, బాగు చేసి ఇయ్యను. కానీ వాటి లోపల ఉండేది నా చేతుల్లో రోజూ తిరిగే సెల్లే. మీరు రాసిన దాంట్లో నన్ను భయపెట్టింది మామిడిపండు వాసన కాదు, దిండు పక్కన ఉబ్బిన సెల్లు. ఆ ద్రవం తమ్ముడిని మెల్లమెల్లగా పట్టుకుంటది. సెల్లు మాత్రం ఒక్క రాత్రిలో ఇల్లు కాలుస్తది.

ఆ వస్తువు పేరు ఈ-సిగరెట్. పిల్లలు వేప్ అంటరు. ఏ ఆకారంలో వచ్చినా లోపల మూడే ఉంటయి: ఒక సెల్లు, వేడెక్కే ఒక తీగ, ఒక ద్రవం. మన ఇండ్లలో దోమల మందు మిషన్ ఉంటది కదా, సీసాలో ద్రవం, అందులో వత్తి, వత్తి పైన వేడి రింగు. వత్తి ద్రవాన్ని పైకి పీలుస్తది, రింగు దాన్ని ఆవిరి చేస్తది. వేప్‌లో జరిగేది అదే పని. తేడా ఏందంటే ఆ వేడి గోడకున్న ప్లగ్గు నుంచి కాకుండా చిటికెన వేలంత సెల్లు నుంచి రావాలె, అది కూడా రెండు మూడు సెకండ్లలో రావాలె. అందుకే ఈ కథంతా సెల్లు చుట్టూనే తిరుగుతది.

ఒకసారి పాలిటెక్నిక్ చదివే పిల్లగాడొకడు షాపుకు వచ్చి జేబులోంచి లిప్‌స్టిక్ అంత గొట్టం తీసి బల్ల మీద పెట్టిండు. "అన్నా, ఇది చార్జ్ ఎక్కుతలేదు, జర చూడు" అన్నడు. అది ఒకసారి వాడి పారేసే రకం, చార్జింగ్ రంధ్రమే లేదు. బాగు చెయ్యను, కానీ లోపల ఏముందో నువ్వే చూడు అని వాని ముందరనే తెరిచిన. రేకు గొట్టం లోపల తెల్లటి దూది లాంటి దిమ్మె, ద్రవంతో తడిసి ముద్దయి ఉంది, పుదీనా ఘాటు షాపంతా కొట్టింది. దిమ్మె నడుమ సన్నటి గొట్టం, అందులో బాల్‌పెన్ స్ప్రింగులో పావు వంతు ఉండే కాయిల్, అంటే ఆ వేడెక్కే తీగ చుట్ట, దాని చుట్టూ పత్తి. ఆ పత్తి నల్లగా మాడిపోయి ఉంది. కింద సెల్లు. సెల్లుకూ కాయిల్‌కూ నడుమ బటన్ బిళ్లంత గుండ్రటి ముక్క ఒకటి. దాన్ని చూసి పిల్లగాడు ఇదేంది అన్నడు. అది ఒక రకం మైకు. నోటితో పీల్చినప్పుడు లోపల గాలి ఒత్తిడి తగ్గుతది, ఆ మైకులోని పలచటి పొర కదులుతది, దాని వెనకున్న చిప్పు సెల్లును కాయిల్‌కు కలుపుతది. బటన్ లేకుండానే వెలిగేది అందుకే.

ఆ సెల్లుకు మీటరు పెడితే 3.1 వోల్టులు చూపించింది. అంటే సెల్లు చావలేదు, ఖాళీ అయింది. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగల లిథియం సెల్లును ఒకసారి వాడి చెత్తలో వేసేటట్టు తయారు చేసిన్రు. బ్యాటరీ పని చేసేవానికి ఇది నిజంగా మనసు కలుక్కుమనే విషయం. చెత్తబండిలో పడి, మున్సిపాలిటీ యంత్రం కింద నలిగితే అదే సెల్లు మంట పెడతది.

సెల్లు సంగతి వివరంగా చెప్త, ఎందుకంటే ఇది తెలిస్తే ఫోను, పవర్ బ్యాంకు, పంపు, స్కూటర్ అన్నీ అర్థమైతయి. మామూలు లిథియం అయాన్ సెల్లు మీద 3.6 లేదా 3.7 వోల్టులు అని రాసుంటది. అది నడిమి లెక్క. నిండుగా ఉన్నప్పుడు 4.2, ఖాళీ అయితే 3 దగ్గరికి దిగుతది. 4.2 దాటించి ఎక్కించినా, 2.5 కంటే కిందికి పిండినా లోపలి రసాయనం చెడుతది. గ్యాసు పుడుతది, ఉబ్బుతది. మీ తమ్ముడి డబ్బాలో జరిగింది ఇట్లాంటిదే: ఎక్కువ ఎక్కించుడో, బాగా ఖాళీ అయినంక చాన్నాళ్లు పడి ఉండుడో, ఎండలో మగ్గుడో, కింద పడి నలుగుడో, ఏదో ఒకటి. ఉబ్బిన సెల్లు మళ్లీ మామూలు కాదు. అది తగ్గినట్టు కనిపించినా నమ్మొద్దు.

18650 అని మీరు ఎక్కడైనా చూస్తే భయపడాల్సింది ఏం లేదు, అది కొలత. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. 21700 అంటే 21 లావు, 70 పొడవు. లిథియం అయాన్ సెల్లును మొదట మార్కెట్లోకి తెచ్చింది సోనీ, 1991లో. దీనికి పునాది వేసిన గుడ్ఎనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మన దేశంలో ఈ-సిగరెట్లను నిషేధించింది కూడా అదే ఏడాది. మనుషుల బతుకును ఇంత మార్చిన సెల్లు ఇట్లాంటి డబ్బాలో పడి పిల్లల నోటికి చేరడం నాకు బాధగానే ఉంటది.

ఎంఏహెచ్ అంటే ట్యాంకు ఎంత పెద్దది అనే లెక్క. 650 ఎంఏహెచ్ అంటే 650 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఒక గంట ఇస్తది. ఇక్కడే మోసం ఎక్కువ. 18650 సైజులో మంచి కంపెనీ సెల్లు కూడా 3,500 దగ్గర ఆగుతది. 5,000 అనో 9,900 అనో రాసి ఉంటే అది నకిలీ, అందులో వేరే మాట లేదు. మర్రిగూడ దిక్కు బత్తాయి రైతు ఒకాయన ఆన్‌లైన్‌లో కొన్న సెల్లులు తెచ్చి పంపుకు ప్యాకు కట్టమన్నడు. మీద 9,900 అని ఉంది. చేతిలోకి తీసుకోంగనే తేలికగా అనిపించినయి. అసలు సెల్లు 45 గ్రాముల పైమాటే తూగాలె, అవి 30 కూడా లేవు. చార్జ్ ఎక్కించి దించి చూస్తే 800 దాటలేదు. ఆ పెద్దాయన "ఇంత పెద్ద అంకె రాసి అమ్ముతుంటే అడిగేటోడు లేడా" అన్నడు. మీకు దొరికిన సెల్లు పచ్చగా ఉంది కాబట్టి ఫలానా కంపెనీది అని తమ్ముడు చెప్తే నమ్మకండి. పైకవరు ఏ రంగులోనైనా అచ్చు వేయించొచ్చు.

ఎంఏహెచ్ కంటే ముఖ్యమైన అంకె ఇంకోటి ఉంది, దాన్ని చాలామంది చూడరు: ఒక్కసారి ఎన్ని ఆంపియర్లు ఇయ్యగలదు అనేది. ట్యాంకు ఎంత పెద్దదో ఎంఏహెచ్ చెప్తది, దానికున్న నల్లా ఎంత లావో ఆంపియర్లు చెప్తయి. ఓమ్ అనే మాట ఇక్కడే వస్తది. పదో తరగతిలో చదివిన ఓమ్ సూత్రమే, వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు. నిండు సెల్లు 4.2 వోల్టులు, కాయిల్ 0.8 ఓమ్. భాగించండి: 5.25 ఆంపియర్లు. లోపలి చిప్పు దాన్ని కొంత తగ్గించినా నాలుగు దాకా లాగుతది. నేను కొలిచిన బ్యాటరీ పంపులు అదే మూడు నాలుగు ఆంపియర్లు లాగుతయి, కానీ వాటి వెనక ఇటుకంత 8 ఆంపియర్ అవర్, అంటే 8,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటది. ఇక్కడ దాంట్లో పన్నెండో వంతు సెల్లు అంతే బరువు మోస్తున్నది. ఒక్కో పీల్పుకు మూడు సెకండ్లే కాబట్టి బతికి బయటపడుతది. బటన్ ఇరుక్కుపోయి ఆగకుండా నడిస్తే బతకదు.

కాయిల్ ఓమ్ ఒకటి కంటే తక్కువ ఉంటే దాన్ని సబ్ ఓమ్ అంటరు. ఓమ్ ఎంత తగ్గితే ప్రవాహం అంత పెరుగుతది. 0.2 ఓమ్ కాయిల్ నిండు సెల్లు నుంచి 21 ఆంపియర్లు, అంటే 88 వాట్లు లాగుతది. మంచి కంపెనీ చేసిన గట్టి సెల్లులు కొన్ని 20 ఆంపియర్ల దాకా ఆగకుండా ఇస్తయి, మామూలు ల్యాప్‌టాప్ సెల్లులు అందులో సగం కూడా తట్టుకోవు. పాత ల్యాప్‌టాప్ ప్యాకులోంచి తీసిన సెల్లును ఇట్లాంటి దాంట్లో వేసుకునే పిల్లలు ఉన్నరు. దాని ఫలితం జేబులో పేలుడే.

ఆ రెండో పెద్ద డబ్బా, మీరు ఫోటోలో చూపించింది, బాక్స్ మోడ్. మోడ్ అనే మాట ఎట్లా వచ్చిందంటే, మొదట్లో కొందరు టార్చిలైట్ గొట్టాలను మార్చి, అంటే మాడిఫై చేసి వాడిన్రు. అందులో రెండు రకాలు. చిన్న తెర, వాట్లు ఎక్కువ తక్కువ చేసే బటన్లు ఉంటే లోపల చిప్పు ఉన్నట్టు. షార్ట్ అయితే ఆపుతది, సెల్లు దిగిపోతే ఆపుతది. తెర లేకుండా ఒక్క బటన్ ఉండి, గొట్టం లాగ ఉంటే అది మెకానికల్ మోడ్ కావచ్చు. అందులో ఆపే దిక్కు లేదు. సెల్లు, తీగ, నడుమ ఒక స్విచ్చు, అంతే. ఫ్యూజు లేకుండా స్తంభం నుంచి నేరుగా కొండీ వేసిన మోటారు లాంటిది. అమెరికాలో 2018, 2019లలో వేప్ డబ్బాలు పేలి మనుషులు చనిపోయిన ఘటనలు నమోదైనయి. అక్కడి అగ్నిమాపక విభాగం లెక్క ప్రకారం 2009 నుంచి 2016 చివరి దాకా ఇట్లాంటి మంటలు, పేలుళ్లు 195 వార్తలకెక్కినయి.

పైకవరు చిరిగిన సెల్లు గురించి నా సొంత అనుభవం చెప్త. 18650 సెల్లు పైన బొడిపె ఒక్కటే ప్లస్సు. మిగతా ఒళ్లంతా, పక్కల రేకుతో సహా, మైనస్సు. ఆ రెండింటినీ వేరు చేసేది పలచటి ప్లాస్టిక్ కవరు, పైన ఒక తెల్ల కాగితపు రింగు. కవరు బొడిపె దగ్గర చిరిగిందంటే ప్లస్సుకూ మైనస్సుకూ నడుమ ఒక మిల్లీమీటరు సందే మిగులుతది. నేను లిథియం పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో, ఒక మే నెలలో, కవరు గీసుకుపోయిన సెల్లును బిస్కెట్ల రేకుడబ్బాలో వేసిన. అందులో ముందే నికెల్ పట్టీ ముక్కలు ఉన్నయి. డబ్బా పక్కకు జరిపిన, అంతే. సుయ్ మని సప్పుడు, కుక్కర్ విజిల్ వచ్చే ముందు వచ్చేటి సప్పుడు లాంటిది. అది గుర్తుపట్టి వెనక్కి దుంకేలోపే తెల్లటి పొగ, తర్వాత మంట. డబ్బాను చేత్తో ఎత్తి బయట పడేద్దామని పట్టుకున్న, అరచెయ్యి కాలింది. ఇప్పటికీ బొటనవేలి కింద తోలు నున్నగా, మెరుస్తూ ఉంటది. తప్పు పూర్తిగా నాదే. మీ తమ్ముడి జిప్పులో చిల్లర పైసలు ఆ నికెల్ ముక్కల్లాంటివే. హైదరాబాద్ నుంచి హాలియా దాకా బస్సులో అది అట్లనే వచ్చింది అన్నరు చూడండి, ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయిన.

ఒకవేళ ఆ బకెట్‌లోంచి పొగ మొదలైతే దగ్గరికి పోవద్దు, పొగ పీల్చొద్దు, అది విషం. పాపను తీసుకొని గాలికి ఎదురు దిక్కు పొండి. ఇసుక మంటను పక్కకు పాకనియ్యదు, కానీ సెల్లును చల్లార్చేది నీళ్లే. ఇంత చిన్న సెల్లుకు దూరం నుంచి బకెట్ల కొద్దీ నీళ్లు పోయొచ్చు, ప్లగ్గుకు తగిలించి లేదు కాబట్టి కరెంటు భయం లేదు.

ఇగ చార్జింగ్. చాలామంది "33 వాట్ల ఫాస్ట్ చార్జర్ పెట్టినందుకు పేలింది" అంటరు. పూర్తిగా అట్ల కాదు. ఫాస్ట్ చార్జర్ అవతలి వస్తువుతో మాట్లాడి, అది అడిగితేనే ఎక్కువ వోల్టు ఇస్తది, అడగకపోతే 5 వోల్టులే. తప్పు ఎక్కువసార్లు డబ్బా లోపలి చార్జింగ్ చిప్పుది. 4.2 దగ్గర ఆపాల్సిన ఆ చిప్పు నాసిరకంది అయితే, రక్షణ బోర్డు పెట్టకుండా నాలుగు పైసలు మిగుల్చుకుంటే, ఏ చార్జర్ పెట్టినా ప్రమాదమే. కాకపోతే దిండు పక్కన, దుప్పటి కింద పెడితే పుట్టిన వేడి పోయే తోవ ఉండదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో రాత్రి పదింటికి కూడా గోడలు సెగ కొడతయి. బండి డిక్కీలో, కారు అద్దం కింద మధ్యాహ్నం ఉంచిన సెల్లు సగం చచ్చినట్టే లెక్క. ఇది వేప్‌కే కాదు, మీ ఇంట్లో పవర్ బ్యాంకుకు, పంపు బ్యాటరీకి కూడా వర్తిస్తది.

అట్టపెట్టె మీది మిగతా మాటలు తొందరగా చెప్త. పాడ్ అంటే ద్రవం, కాయిల్ కలిసి ఉండే చిన్న గూడు, ఊడదీసి మార్చేది. మెష్ అంటే తీగకు బదులు జల్లెడ లాంటి పలచటి రేకు, ఎక్కువ జాగా ఒకేసారి వేడెక్కుతది. డిస్పోజబుల్ అంటే వాడి పారేసేది. 510 అనేది పైభాగాన్ని కింది బ్యాటరీకి బిగించే మర సైజు, ఒక పాత మోడల్ పేరు మీద వచ్చింది. ఎంటీఎల్ అంటే సిగరెట్ లాగ ముందు నోట్లోకి తీసుకొని తర్వాత లోపలికి పీల్చడం, డీఎల్ అంటే నేరుగా ఊపిరితిత్తుల్లోకి. డ్రై హిట్ అంటే ద్రవం అయిపోయినంక కాయిల్ పత్తిని మాడ్చడం. పత్తి కాలిన వాసన మన నల్లగొండోళ్లకు వేరే చెప్పాల్నా. అట్ల మాడినప్పుడు ద్రవం విరిగి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతయి. అది శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్‌లో ఉండే పదార్థం.

పీజీ, వీజీ అంటే ద్రవానికి అడుగు పదార్థాలు, ప్రొపిలీన్ గ్లైకాల్, కూరగాయ నూనెల నుంచి తీసే గ్లిజరిన్. మొదటిది గొంతులో గుచ్చినట్టు చేస్తది, రెండోది దట్టంగా పొగ ఇస్తది. "అది ఉట్టి నీళ్ల ఆవిరి అక్కా" అని తమ్ముడు అంటే, అందులో నీళ్ల వంతు బహు తక్కువ అని చెప్పండి.

అసలు పట్టుకునేది నికోటిన్. "సాల్ట్ నిక్" అంటే ఉప్పు కాదు. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి ఘాటు తగ్గించినది. ఘాటు తగ్గితే గొంతు మండదు, దగ్గు రాదు. బీడీ మొదటిసారి తాగినోడు దగ్గి దగ్గి అవతల పడేస్తడు, శరీరం కాపాడుకునే తీరు అది. ఈ సాల్ట్ ఆ కాపలాను తీసేసింది. 50 ఎంజీ అంటే ఒక్కో మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాములు, అదే 5 శాతం. 2 మిల్లీలీటర్ల పాడ్‌లో 100 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ తాగితే ఒంటికి పట్టే నికోటిన్ ఒకటి ఒకటిన్నర మిల్లీగ్రాములు. పాడ్‌లో ఉన్నదంతా ఒంటికి పట్టదు, అయినా అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. యూరప్ దేశాల్లో అమ్మడానికి అనుమతి ఉన్న చోట కూడా మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటొద్దని నియమం. సిగరెట్ ఒకటి తాగితే అయిపోతది, ఆరుతది. దీనికి ఆగే చోటు లేదు. చదువుకుంటూ, ఫోన్ చూసుకుంటూ పీలుస్తనే ఉంటరు.

పాప గురించి. ఆ సీసాలో ఉన్నది మామిడిపండు వాసన వచ్చే విషం. మూడేళ్ల బిడ్డ కొద్దిగా మింగినా ప్రమాదమే, చర్మం మీద పడినా లోపలికి ఇంకుతది. చేతి మీద పడితే సబ్బు, నీళ్లతో బాగా కడగండి. మింగిందని అనుమానం వచ్చినా వాంతి చేయించే పని పెట్టుకోకండి, 108కి ఫోన్ చేసి సీసాతో సహా ఆసుపత్రికి పొండి. లక్షణాలు వచ్చేదాకా ఎదురుచూడొద్దు.

కేసు మాట. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చినయి. తయారు చేసుడు, దిగుమతి, అమ్ముడు, పంపిణీ, ప్రకటన, అన్నీ నేరం. మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షల దాకా. నిల్వ పెడితే ఆర్నెల్లు లేదా 50,000 దాకా జరిమానా లేదా రెండూ. ఎస్సై, ఆ పై స్థాయి పోలీసు అధికారికి సోదా చేసే అధికారం ఉంది. తాగినోడికి అని చట్టంలో వేరే శిక్ష రాయలేదు, అయితే దగ్గర ఉంచుకోవడం కూడా ఉల్లంఘనే అని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. నాకు ఎక్కువ భయం వేరే దగ్గర: హాస్టల్‌లో నలుగురికి కలిపి తెప్పించి పంచే పిల్లగాడు తెలియకుండానే అమ్మినోని కింద లెక్కకు వస్తడు. మీ తమ్ముడి దగ్గర రెండు డబ్బాలు ఎందుకున్నయో అడగండి. ఇంకో మాట, నిషేధం ఉన్నందుకు ఇక్కడ దొరికేదంతా దొంగ సరుకే. బిల్లు లేదు, పరీక్ష లేదు, పేలితే అడగడానికి మనిషి లేడు. మీ పెట్టె మీద రాసిన 650 నిజమో, 50 నిజమో చెప్పే దిక్కు కూడా లేదు.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఊరి ముందర, చుట్టాల ముందర వద్దు. నేను పదకొండేళ్లు సిగరెట్ తాగి మానేసిన. తిట్టిన రోజు ఇంకో రెండు ఎక్కువ తాగేటోన్ని. నాతో మానిపించింది మా అక్క. పక్కన కూర్చొని "రోజుకు ఎన్ని, పొద్దున లేవంగనే ఎంతసేపట్ల కావాలె" అని రెండే రెండు ప్రశ్నలు అడిగింది. లేచిన అరగంటలోపే కావాలంటే గట్టిగా పట్టుకున్నట్టు. మానేసిన మొదటి మూడు నాలుగు రోజులు కోపం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, ఏదీ చదవబుద్ధి కాకపోవడం ఉంటది, రెండు మూడు వారాల్లో దిగుతది. సెలవులు ఇంకా ఉన్నయి అన్నరు కాబట్టి ఆ మొదటి రోజులు మీ దగ్గర ఇంట్లో గడిస్తే మంచిది, పరీక్షల ముందర హాస్టల్‌లో కాదు. పొగాకు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356 ఉచితం, వాళ్లు వాడితోనే నేరుగా మాట్లాడతరు. డాక్టర్ చెప్తే నికోటిన్ గమ్‌తో మెల్లగా దించొచ్చు. దమ్ము, ఛాతీ నొప్పి, జ్వరం ఏదైనా ఉంటే మాత్రం ఆగకుండా చూపించండి. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలైన్రు, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయిన్రు. అందులో ఎక్కువ భాగం గంజాయి నూనెలో విటమిన్ ఈ ఎసిటేట్ కలిపిన సరుకు వల్ల. ఆ సీసాలో ఏం కలిపిన్రో వాసన చూసి చెప్పలేం, అందుకే డాక్టర్ దగ్గర దాచొద్దని తమ్ముడికి చెప్పండి.

ఉబ్బిన దాన్ని బస్సులో నల్లగొండకు తేవద్దు, ఎవరి చేతా పంపొద్దు. చెత్తబండికి ఇయ్యొద్దు, చెరువులో వెయ్యొద్దు, పొయ్యిలో అసలే వద్దు. మంగళవారం పంపుల రిపేరుకు హాలియా వస్తున్న. ఇసుక నింపిన రేకు డబ్బా, మందం గ్లౌజులు నా దగ్గర ఉంటయి. సెల్లులు రెండూ అక్కడే తీసి, రీసైక్లింగ్‌కు పంపే డ్రమ్ములో వేసుకుంట. తమ్ముడిని కూడా ఇంట్లో ఉండమనండి, తీసేటప్పుడు వాడు పక్కన నిలబడి చూడాలె.